ఊరి గ్రంథాలయంలో నీళ్ల పుస్తకాలు, ఆడవాళ్ల చరిత్ర: సేకరించి, పేర్లు దొరికేలా అమర్చడం ఎలా

దేవరకొండ ప్రాంతంలో ఒక చిన్న గ్రంథాలయంలో పుస్తకాలు చూసుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి, "సార్, మా అవ్వ సాగర్ డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోసిందంట. అప్పటి ఆడోళ్ల మీద బుక్కేమన్న ఉన్నదా?" అని అడిగింది. "కూసో బిడ్డా, చూస్త" అని చెప్పి, మహిళల చరిత్ర అని చీటీ అంటించిన అర మొత్తం వెతికాను. ఏమీ దొరకలేదు. చివరికి సాగునీటి ప్రాజెక్టుల అరలో, అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకంలో ఒక ఫొటో కనిపించింది. ఏటవాలు బాట మీద తలపై తట్టలతో పైకి ఎక్కుతున్న స్త్రీలు అందులో పదిమందికి పైగా ఉన్నారు. కొంగులు నడుముకు బిగించి ఉన్నాయి. అందరికంటే ముందున్న ఆమె తట్ట కింద సుట్టబట్ట అంచు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఫొటో కింద మాత్రం "పని జరుగుచున్న దృశ్యము" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ అమ్మాయి ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

పుస్తకం మా దగ్గర ఉంది, అడిగిన మనిషి ఎదురుగా ఉంది, అయినా ఆ ప్రశ్న నుంచి ఆ పుటకు చేర్చే దారి మా కేటలాగులో లేదు. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మరుగున పడిన ఆడవాళ్ల చరిత్ర చాలావరకు నీళ్ల చరిత్రలోనే ఉంది. చెరువు శాసనాల్లో, డ్యాం ఫొటోల్లో, ముంపు ఊళ్ల జాబితాల్లో, పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి చిన్న పడవ) నడిపే కుటుంబాల మాటల్లో వాళ్లు ఉన్నారు. పుస్తకం పేరులో వాళ్లు ఉండరు కనుక, పేరును బట్టి మాత్రమే అమర్చే గ్రంథాలయంలో వాళ్లు దొరకరు. ఊళ్లో, బడిలో, మహిళా సంఘం భవనంలో ఇటువంటి పుస్తకాల అర ఒకటి ఏర్పాటు చేయాలనుకునేవారి కోసం, నేను పనిలో నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట చదవవలసింది గ్రంథాలయ శాస్త్రం

పుస్తకాలు కొనే ముందు, పుస్తకాలను ఎలా నిర్వహించాలో చెప్పే పుస్తకం ఒకటైనా చదవాలి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు గణితం బోధించేవారు. ఆయన 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలు ఇప్పటికీ చిన్న గ్రంథాలయానికి సరిపోతాయి. పుస్తకాలు వాడకం కోసమే. ప్రతి పాఠకునికీ తన పుస్తకం ఉంటుంది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడు. పాఠకుని సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం నిరంతరం పెరిగే ప్రాణి. వీటిలో మూడోదాన్నే మనం ఎక్కువగా మరిచిపోతాం. పాఠకుడు అడిగినది తెచ్చి ఇవ్వడం అందరికీ తెలిసిన పని. అరలో కదలకుండా ఉన్న పుస్తకం ఎవరికి కావాలో ఆలోచించి, వారికి చేరే దారి వేయడం మాత్రం గ్రంథాలయాధికారి ఒక్కరే చేయగలిగిన పని.

ఈ వృత్తి చరిత్ర చదివితే మన విషయానికి సంబంధించిన సంగతులు అందులోనే కనిపిస్తాయి. అమెరికాలో 1887లో మెల్విల్ డ్యూయీ కొలంబియా కళాశాలలో గ్రంథాలయ శిక్షణ ప్రారంభించినప్పుడు, మొదటి తరగతిలో చేరిన 20 మందిలో 17 మంది స్త్రీలు. మనం నేటికీ వాడుతున్న దశాంశ వర్గీకరణకు ఆయన పేరు మిగిలింది గాని, ఆ పద్ధతిలో లక్షల పుస్తకాలకు సంఖ్యలు వేసిన స్త్రీల పేర్లు సామాన్య పాఠకులకు తెలియవు. 1935 నుంచి 1943 వరకు కెంటకీ కొండ ప్రాంతాల్లో గుర్రాల మీద పుస్తకాలు మోసుకెళ్లి పంచినవారు కూడా చాలావరకు స్త్రీలే. రోడ్లు లేని చోట వాగుల పడకల వెంట వాళ్లు ప్రయాణం చేశారు. అదే 1935లో మన కృష్ణానది దిగువన, డెల్టా కాలువ మీద, పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. మన ఎగువ కృష్ణలో చాలాచోట్ల నీళ్లు రాళ్ల మధ్య దూకుతూ పోతాయి కనుక అటువంటి పడవ ప్రయాణం ఇక్కడ కష్టం. అయినా పుస్తకమే మనిషి దగ్గరికి పోవాలన్న ఆ ఆలోచన మనకు పనికి వస్తుంది.

ఆడవాళ్ల చరిత్రకు ఏమేమి తెచ్చుకోవాలి

తెలుగులో ఈ పనిని మొదలు పెట్టినది భండారు అచ్చమాంబ (1874–1905). కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. ఆయన నేటి సూర్యాపేట జిల్లాలోని మునగాల సంస్థానంలో దివానుగా పని చేశారు. బడికి పోని అచ్చమాంబ ఇంట్లోనే చదువు నేర్చుకుని, దేశ చరిత్రలోని స్త్రీల జీవితాలను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. స్త్రీల చరిత్రను స్త్రీయే కూర్చాలన్న పట్టుదల ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లకే తెలుగులో ఉందని చూపడానికి ఈ పుస్తకం ఒక్కటి చాలు. రచయిత్రి చనిపోయి 60 ఏళ్లు దాటినందున దీని మీద కాపీరైటు లేదు. స్కాన్ చేసిన ప్రతిని డౌన్‌లోడ్ చేసి, అచ్చు వేయించి, బైండు చేసి అరలో పెట్టుకోవచ్చు. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలకూ ఇదే వర్తిస్తుంది. ఆయన 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు ఉన్నారు. అందులోని స్త్రీల పేర్లను విడిగా రాసి పెట్టుకోవడం మీ మొదటి సూచిక పని కావచ్చు.

తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల కోసం తప్పక ఉండవలసినది స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర". పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసిన పుస్తకం అది. దానితో పాటు మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి, చాకలి ఐలమ్మ జీవితాల మీద వచ్చిన పుస్తకాలు పెట్టాలి. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మల్లు స్వరాజ్యం 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచి గెలిచారు. పాలమూరు వైపు వనపర్తి రాణి కుముదినీదేవి పేరు ఉండాలి. ఆమె 1962లో హైదరాబాద్ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు. కుష్ఠురోగుల కోసం 1958లో ఆమె నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రం గురించి ఆ జిల్లాలోనే చాలామంది పిల్లలకు తెలియదు. ఆంధ్ర మహాసభల చరిత్ర తీసుకునేటప్పుడు, వాటితో పాటు జరిగిన మహిళా సభల వివరాలు ఉన్నాయో లేదో చూసి కొనండి. 1930లో జోగిపేటలో మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. మరుసటి ఏడు రెండో మహాసభ మన దేవరకొండలోనే జరిగింది.

ఇంకా పాత కాలానికి పోవాలంటే శాసన సంపుటాలే ఆధారం. వాటిని ఊరి గ్రంథాలయానికి కొనడానికి చాలామంది వెనుకాడతారు. నా అనుభవంలో మాత్రం, పదో తరగతి పిల్లలకు తమ ఊరి శాసనం చూపిస్తే నవల కంటే ఎక్కువ ఆసక్తితో చదివారు. మహబూబ్‌నగర్ దగ్గరి భూత్‌పూర్, అంటే ఒకనాటి బుద్ధాపురంలో, 1276 నాటి శాసనం ఉంది. అది గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక వేయించినది. ఆమె పద్యం ఒకటి తరువాతి సంకలనంలో నిలిచింది కనుక, తొలి తెలుగు కవయిత్రిగా ఆమెను చెప్పేవారున్నారు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలోని ఎఱకేశ్వరాలయాన్ని 1208లో కట్టించినది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసాని. గుడి చూడటానికి పోయినవారికి ఆమె పేరు గుడి పేరులోనే వినిపిస్తున్నా, ఆమె ఎవరో చెప్పే పుస్తకం చేతికి అందడం అరుదు.

నీళ్ల పుస్తకాలు

ఇక్కడ ఎంపిక కొంచెం జాగ్రత్తగా చేయాలి. నదుల మీద దొరికే పుస్తకాలు సగం పుష్కరాల యాత్రా పుస్తకాలు, మిగతా సగం ఇంజనీరింగు నివేదికలు. రెండూ అవసరమే, కానీ రెండింటి మధ్య నీటి పక్కన బతికే మనిషి కనిపించే పుస్తకాలు వెతకాలి. కృష్ణ నారాయణపేట జిల్లాలో తెలంగాణలోకి ప్రవేశించి, జూరాల దాటి, అలంపురం దిగువన తుంగభద్రను కలుపుకుని, సోమశిల మీదుగా శ్రీశైలం వైపు పోతుంది. సాగర్ దాటిన తరువాత వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కలుస్తుంది. ఈ దారి పొడుగునా ఒక్కో మజిలీకి ఒక్క పుస్తకమైనా ఉండేలా చూసుకుంటే, అర ఖాళీలు ఎక్కడున్నాయో మీకే తెలుస్తుంది. నా దగ్గర ఎప్పుడూ ఖాళీగా ఉన్నది సోమశిల నుంచి శ్రీశైలం వరకు ఉన్న భాగం. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల గురించి, అక్కడి నుంచి లేచి వచ్చిన కుటుంబాల గురించి ముద్రిత పుస్తకాలు తక్కువ. ఆ కొరతను ఎలా పూరించాలో కింద చెబుతాను.

నాగార్జునసాగర్ మీద పుస్తకాలు తెచ్చేటప్పుడు డ్యాంతో ఆగవద్దు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన ఆ రాతికట్టడం ఆపిన నీళ్ల అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. నీళ్లు నిండకముందు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి. అక్కడి శాసనాల్లో దాతల పేర్లు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చినవారిలో ప్రధానమైనది రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి. చిన్న ధర్మగిరి మీద చైత్యగృహం కట్టించినది బోధిసిరి అనే ఉపాసిక. ఆమె రాజకుటుంబానికి చెందినది కూడా కాదు. ఒకే లోయలో, పదహారు వందల ఏళ్లకు పైగా ఎడంతో, రాళ్లు దానం చేసి పేరు చెక్కించుకున్న స్త్రీలూ, రాళ్లు మోసి పేరు మిగలని స్త్రీలూ ఉన్నారు. ఈ రెండు రకాల స్త్రీల పుస్తకాలూ పక్కపక్కన ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. వర్గీకరణ సంఖ్యలు వాటిని వేరు చేస్తాయి, కేటలాగు కార్డులు కలపాలి.

చెరువుల పుస్తకాల్లో ఆయకట్టు లెక్కలతో పాటు, కట్ట, తూము, మత్తడి, శిఖం, నీరటి వంటి మాటలకు స్థానిక అర్థాలు ఇచ్చినవి ఎన్నుకోండి. పానగల్లు ఉదయ సముద్రం వంటి పాత చెరువుల మీద వచ్చిన చిన్న పుస్తకాలనూ, ఆలయాల చరిత్రలనూ వదలవద్దు. కట్ట మైసమ్మ కథలు, కట్ట నిలవడానికి కోడలిని బలి ఇచ్చారని చెప్పే కథలు, బతుకమ్మ పాటలు జానపదం కింద పోతాయి గాని, నీళ్లకూ ఆడవాళ్లకూ ఉన్న సంబంధం వాటిలోనే సూటిగా కనిపిస్తుంది. పోలిక కోసం ఒకటి రెండు బయటి దేశపు పుస్తకాలుంటే మంచిదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండు కాలువల మీద సరుకు పడవలు నడిపిన యువతుల అనుభవాలు మా దగ్గర ఇంటర్ చదివే ఆడపిల్లలు ఇష్టంగా చదివారు. అది చదివిన తరువాతే ఒకామె, కృష్ణలో పుట్టి తోసే ఆడవాళ్లున్నారని తనంతట తాను చెప్పింది.

ఎక్కడ దొరుకుతాయి

ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతున్నాం కనుక, కావలసిన పుస్తకాల జాబితా రాసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వడం మొహమాటపడవలసిన పని కాదు. జాబితాలో రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, ధర ఉండాలి. "మంచి పుస్తకాలు పంపగలరు" అని రాస్తే ఏవో ఒకటి వస్తాయి. హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో ప్రాజెక్టు సావనీర్లు, పాత గెజిటీర్లు అడగండి. డిసెంబరు, జనవరి ప్రాంతంలో జరిగే బుక్ ఫెయిర్‌లో చిన్న ప్రచురణ సంస్థల స్టాళ్లు ముందుగా చూడండి. మరుగున పడిన స్త్రీల పుస్తకాలు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటాయి. కొనలేని వాటి కోసం అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి పోయి నోట్సు రాసుకోవచ్చు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థ మూసీ ఒడ్డున ఉంది. దాని కిటికీల కింద పోయే నీళ్లే మన సూర్యాపేట మీదుగా వాడపల్లికి వచ్చి కృష్ణలో కలుస్తాయి. ఆ మెట్లు ఎక్కిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

రిజిస్టరు, సంఖ్య, కార్డులు

పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించాలి. వరుస సంఖ్య, తేదీ, రచయిత, పేరు, ప్రచురణ, పుటలు, ధర, ఎవరిచ్చారు అన్న వివరాలు చాలు. దానంగా వచ్చిన పుస్తకానికి ఇచ్చినవారి పేరు తప్పక రాయాలి. భర్త పేరు మీద కాక, ఇచ్చిన ఆమె పేరే రాయాలి. ఈ విషయంలో నేను మొదట్లో పొరపాటు చేశాను. ఒక ముసలమ్మ తెచ్చి ఇచ్చిన పన్నెండు పుస్తకాలను ఆమె కొడుకు పేరు మీద ఎక్కించాను. తరువాత ఎర్ర సిరాతో దిద్దవలసి వచ్చింది.

సంఖ్యల విషయంలో డ్యూయీ పద్ధతిలో కొన్ని గుర్తు పెట్టుకుంటే పని నడుస్తుంది. గ్రంథాలయ శాస్త్రం 020, స్త్రీల సామాజిక స్థితి 305.4, స్త్రీల జీవితచరిత్రల సంకలనాలు 920.72, నీటి వనరులు 333.91, డ్యాంలు 627.8, చేపలవేట 639.2, నదీ కాలువల రవాణా 386, జానపదం 398, తెలుగు సాహిత్యం 894.827, మన ప్రాంత చరిత్ర 954.84. ఒక పుస్తకానికి ఒక్క సంఖ్యే వేయగలం, అది ఒక్క చోటే నిలబడుతుంది. సాగర్ డ్యాం పుస్తకం 627.8లోనే ఉంటుంది. దాన్ని తీసి మహిళల అరలో పెడితే ఇంజనీరింగు చదివే పిల్లవాడికి దొరకదు. అందువల్ల పుస్తకాన్ని కదపకుండా, దానికి దారి చూపే కార్డులు అదనంగా రాయాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకునేదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

ఐదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు ఉన్న మందపాటి కార్డులు తీసుకోండి. చెప్పుల డబ్బా కొలతకు సరిపోతుంది, కొత్త పెట్టె కొనవలసిన పని లేదు. నీళ్ల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, స్త్రీ కనిపించిన ప్రతి పుట దగ్గర ఆగండి. పేరు ఉంటే పేరు మీద, పేరు లేకపోతే ఆమె చేస్తున్న పని మీద ఒక కార్డు రాయండి. ఆ రోజు ఆ అమ్మాయి పోయిన తరువాత నేను రాసిన మొదటి కార్డు ఇలా ఉంది. పై గీత మీద "తట్టలు మోసిన స్త్రీలు, నాగార్జునసాగర్ నిర్మాణం" అని శీర్షిక. ఎడమ పక్కన 627.8. రెండో గీత మీద పుస్తకం పేరు, పుట సంఖ్య. మూడో గీత మీద "ఫొటో. పేర్లు లేవు. పని చోటు తెలియదు." తెలియనిదాన్ని కూడా కార్డు మీద రాయడం అవసరం. రేపు తెలిసినవారు వచ్చినప్పుడు ఎక్కడ పూరించాలో వాళ్లకు కనిపిస్తుంది.

పేర్ల విషయంలో స్త్రీలకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, పోరాటంలో మారుపేరు వస్తుంది, ఊళ్లో కులం పేరుతో పిలుస్తారు, శాసనంలో ప్రాకృత రూపం ఉంటుంది. కనుక ఒక మనిషికి ఒక ప్రధాన కార్డు, మిగతా పేర్లన్నిటికీ "చూ." (చూడండి) అని దారి చూపే కార్డులు ఉండాలి. దళంలో స్వరాజ్యాన్ని రాజక్క అని పిలిచేవారు, పుట్టింటి వారు భీమిరెడ్డివారు. కాబట్టి "రాజక్క చూ. మల్లు స్వరాజ్యం" అనీ, "భీమిరెడ్డి స్వరాజ్యం చూ. మల్లు స్వరాజ్యం" అనీ రెండు కార్డులు రాయాలి. చాకలి ఐలమ్మ అసలు ఇంటిపేరు చిట్యాల, అది తెలిసి వెతికేవారికీ ఆమె దొరకాలి. కుప్పాంబికకు కుప్పసానమ్మ అనీ, చాంతిసిరికి శాంతిశ్రీ అనీ కార్డులుండాలి. ఊళ్లకూ ఇదే పద్ధతి. 2016లో జిల్లాలు విడిపోయాయి కనుక, పాత పుస్తకంలో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉన్న ఊరు నేడు నాగర్‌కర్నూలులోనో గద్వాలలోనో వనపర్తిలోనో ఉంటుంది. పోరాటం నాటికి పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. రెండు పేర్లూ రాయకపోతే పిల్లలు తమ ఊరు పుస్తకాల్లో లేదనుకుని వెళ్లిపోతారు.

రోజుకు ఇరవై పుటల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. తొందరపడితే కళ్లు పేర్ల మీదుగా జారిపోతాయి. ముఖ్యంగా ముంపు జాబితాల వంటి పట్టికల్లో "భర్త లేట్" అని రాసిన వరుసల దగ్గర నిదానంగా చదవండి.

పుస్తకం లేని చోట

సోమశిల వైపు పుస్తకాలు తక్కువ అని పైన చెప్పాను. అటువంటి చోట మనమే రాసి పెట్టుకోవాలి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయడం కష్టం కాదు, అడగడమే కష్టం. "మీ జీవితం గురించి చెప్పండమ్మా" అంటే ఎవరూ చెప్పలేరు. పని గురించి అడగాలి. పుట్టి అల్లడానికి వెదురు ఎక్కడి నుంచి తెస్తారు, అడుగున తారు ఎవరు పూస్తారు, చేపలు అంగడికి ఎవరు మోస్తారు, రేటు ఎవరు మాట్లాడతారు, నీళ్లు పెరిగిన రాత్రి ముందు ఏం సర్దుకున్నారు అని అడిగితే, రెండో ప్రశ్నకే ఆమె తన కథలోకి వస్తుంది. ఇంట్లో మగవాళ్లు పక్కనే ఉంటే వాళ్లే జవాబు చెబుతారు. అందుకని ఆమె వల బాగు చేసుకునే వేళకో, చేపలు ఎండబెట్టే వేళకో పోవాలి. రికార్డు చేసేముందు అనుమతి అడగాలి, గ్రంథాలయంలో పెట్టేముందు మళ్లీ వినిపించి ఇంకోసారి అడగాలి. తీసెయ్యమన్న భాగాన్ని మారు మాట లేకుండా తీసెయ్యాలి. కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆమె మాటను పుస్తక భాషలోకి మార్చవద్దు. ఆమె "మత్తడి దుంకింది" (చెరువు నిండి అలుగు పారింది) అంటే మత్తడి దుంకిందనే రాయాలి. బైండు చేసిన ఆ కాగితాలకు కూడా యాక్సెషన్ నంబరు వేసి, మిగతా పుస్తకాలతో సమానంగా అరలో నిలబెట్టాలి.

కాపాడటం, తిప్పడం

చెరువు పక్కన ఉన్న గదిలో తేమ, చెదలు తప్పవు. ఇనుప ర్యాకులు వాడి, గోడకు జానెడు ఎడం ఉంచండి. కింది అర నేలకు ఆనకుండా చూడండి. ఎండిన వేపాకు గుడ్డ సంచుల్లో కట్టి పుస్తకాల వెనుక పెట్టి, ప్రతి వానకాలం ముందు మార్చండి. చిరిగిన పుటకు సెల్లో టేపు వేయవద్దు. అది కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. పలచని కాగితం, మైదా జిగురు మేలు.

తిప్పడం విషయంలో వేళ ముఖ్యం. మా గ్రంథాలయం తెరిచే వేళలు నాట్లకూ, కలుపుకూ, బీడీలు చుట్టే పనికీ పోయే ఆడవాళ్లకు సరిపడలేదు. మహిళా సంఘం మీటింగు రోజున ఒక సంచిలో పదిహేను పుస్తకాలు వేసుకుని పోయి, పొదుపు లెక్కలు ముగిసిన తరువాత ఒక పుట పైకి చదవడం మొదలుపెట్టాం. చదువు రాని వాళ్లు విని, ఇంటికి పోయి పిల్లల చేత మిగతాది చదివించుకున్నారు. ఇష్యూ రిజిస్టరులో తీసుకున్న పిల్లవాడి పేరు పక్కన, వింటున్న ఆమె పేరు కూడా రాసుకోవడం మేలు. లేకపోతే ఆ పుస్తకం నిజంగా ఎవరికి చేరిందో ఏడాది చివర లెక్క చూసేటప్పుడు తెలియదు.

సాగర్ ఫొటో చూసి పోయిన అమ్మాయి నెల తరువాత నోటు పుస్తకంతో మళ్లీ వచ్చింది. అవ్వతో పాటు ఒకే మేస్త్రీ కింద పని చేసిన నలుగురు ఆడవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు అందులో రాసి ఉన్నాయి. ఫొటోలో ఉన్నది వాళ్లేనా అన్నది అవ్వ చెప్పలేకపోయింది, చూపు సరిగా ఆనదు. అందువల్ల ఫొటో కార్డు మీద ఆ పేర్లు రాయలేదు. అవ్వ పేరు మీద ఒకటి, ఆ నలుగురి పేర్ల మీద నాలుగు, మొత్తం ఐదు కొత్త కార్డులు రాసి, ప్రతిదాని మీదా "చెప్పినది: స్వయంగా" లేదా "చెప్పినది: తోటి కూలీ" అని చేర్చి, కింద "చూ. తట్టలు మోసిన స్త్రీలు, నాగార్జునసాగర్ నిర్మాణం" అని రాశాం. అక్షర క్రమంలో వాటిని డబ్బాలో పెట్టినది ఆ అమ్మాయే.